నీళ్ళలోనా, ఒడ్డునా

దిండు గలీబులు ఎంత రుద్దినా నలుపు వదలడం లేదు. మా ఆయన తలకి రాసుకునే నూనె వల్లే అనుకుని మొదట ఆయన్ని తిట్టాను. తర్వాత చూస్తే నా దిండూ అంతే, కర్టెనూ అంతే. మంచం పక్క చెక్కగోడ మీద వేలితో గీస్తే గీత పడుతోంది. మేం కాపురముండేది బోట్లోనే, ఆ గోడకి అవతల ఇంజను. దాని పొగ గొట్టంలోంచి బోటు వెనక్కి పోవాల్సింది పోయి మా పడకగదిలోకి వస్తోందన్నమాట. సాయంత్రాలు బ్యాటరీల కోసం ఇంజను వేసి కాసేపు నడుం వాలిస్తే, లేచేసరికి తల దిమ్ముగా ఉంటోందని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను. నిద్ర చాలక అన్నారు ఆయన. రక్తం తక్కువై ఉంటుంది, టానిక్కు తాగమన్నారు ఫోన్లో అత్తయ్య. నొప్పి నాదైతే కారణం కూడా నా ఒంట్లోనే ఉండాలి మరి!

మెకానిక్ వచ్చాడు. వాసన ఎప్పుడు ఎక్కువగా వస్తోందో నేను చెప్తుంటే మా ఆయన వైపు చూస్తూ విన్నాడు. రేవు నుంచి అవతలి ఒడ్డు దుకాణాలకి సరుకు చేరవేసే ఈ బోటుని రోజూ నడిపేది నేను. తాళ్ళూ బస్తాలూ మా ఆయన చూసుకుంటారు. ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు, అయినా బోటు మాత్రం "ఆయన బోటు". మెకానిక్ నన్ను కాస్త టీ పెట్టమన్నాడు. నాకూ తాగాలనే ఉంది కాబట్టి పెట్టాను. బోట్లో వంటిల్లంటే చెయ్యి చాపితే అందే దూరమే, వాళ్ళ మాటలన్నీ వినపడ్డాయి. ఇంజను దగ్గర గొట్టం వంపు చిట్లింది, అది ఇక్కడే మార్చొచ్చు. కానీ బోటు వెనక చెక్కలోంచి బయటికి పోయే ముక్కని కూడా తుప్పు తినేసింది. దాని మూతి సరిగ్గా నీటిమట్టం దగ్గరుంది. బోటుని ఒడ్డుకెక్కిస్తే అంతా కళ్ళెదుట పెట్టుకుని నిదానంగా చేసుకోవచ్చు. నీళ్ళలోనే చెయ్యాలంటే బరువంతా ముందుకి జరిపి, వెనక భాగం లేచాక, నీళ్ళు లోపలికి రాకుండా బయటినుంచి చెక్క బిరడా కొట్టి, గొట్టం మార్చాలి. ఒక్క పూట పని, కాకపోతే గుండె గట్టిగా ఉండాలి. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండటం మాత్రం కుదరదు, ఈ పొగ పీల్చుకుంటూ పడుకుంటే ఏదో ఒక రోజు లేవరు అన్నాడు.

"నీళ్ళలోనే కానిద్దాం" అన్నారు మా ఆయన, నావైపు చూసి కన్ను గీటుతూ. మెకానిక్ వెళ్ళాక, నీ కోసమే అన్నాను అన్నారు. అబద్ధం కాదు. బోటు ఒడ్డుకెక్కితే మేం అత్తయ్యగారింటికి వెళ్ళాలి. అది రాసిపెట్టిన చట్టం కాదు గానీ, అంతకంటే గట్టిది.

కిందటిసారి రంగులు వెయ్యడానికి ఎక్కించినప్పుడు వారం అన్న పని రెండు నెలలు సాగింది. అత్తయ్య చెడ్డమనిషి కాదు. నేను గడప దాటగానే "అమ్మయ్య, ఇక నా నడుముకి సెలవు" అని గరిటె నా చేతికిచ్చారంతే. ఆవిడకి ఎవరూ ఎన్నడూ సెలవివ్వలేదు, నన్ను చూస్తేనే ఆవిడకి సెలవు గుర్తొస్తుంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోబోయి ఆ నడుం చూసి ఊరుకునేదాన్ని. మామయ్యగారు కూర నోట్లో పెట్టుకుని "నీళ్ళ మీద తిరిగి తిరిగి ఉప్పు అందాజు పోయినట్టుందే" అనేవారు. ఆడపడుచు పిల్లల్ని దింపి వెళ్ళేది, "నువ్వు ఖాళీయేగా వదినా" అంటూ. మా ఆయన పొద్దున్నే బోటు ఎక్కించిన యార్డుకి పోయి, బోటు నీడలో నలుగురితో కబుర్లాడి, అన్నం వేళకి వచ్చేవారు. ఆ నలుగురికీ క్యారియరు నేనే కట్టేదాన్ని. బోటు ఎలా ఉందో చూసొస్తానంటే, అక్కడ మగవాళ్ళు పనిలో ఉంటే నీకేం పని అన్నారు ఇంట్లో. అన్నిటికంటే నాకు నవ్వొచ్చేది ఇంకొకటుంది. బోట్లో ఆయన్ని "నువ్వు" అంటాను, ఆ గుమ్మంలోకి వెళ్ళగానే నా నోరు దానంతటదే "మీరు" అంటుంది. బోట్లో ఆయన తిన్న కంచం ఆయనే కడుగుతారు, అక్కడ మంచినీళ్ళ గ్లాసు కూడా నేనే అందించాలి. మనిషి అదే మనిషి, కింద నీళ్ళుంటే ఒకలా, నేలుంటే ఇంకోలా.

ఈ ఇరుకు బోట్లో నేను సుఖంగా ఉన్నాను. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? రెండు గిన్నెలు, ఒక కిటికీ, చేతిలో చక్రం. అందుకే నీళ్ళలోనే కానిద్దామంటే, మెకానిక్ మొహంలో అనుమానం కనపడుతున్నా, నేను తలూపాను.

ఆ రోజు తలప్రాణం తోకకొచ్చింది. నీళ్ళ డబ్బాలు, లంగరు గొలుసు, బియ్యం బస్తా, చివరికి మా పరుపుతో సహా అన్నీ ముందుకి మోశాం. వెనక భాగం మెల్లగా లేచి గొట్టం మూతి బయటపడింది. వంటింటి తొట్టిలో నీళ్ళు మాత్రం పోవాల్సిన వైపు పోక నా కాళ్ళమీద పడ్డాయి. మెకానిక్, మా ఆయన లోపల ఇంజను దగ్గర. బిరడా పట్టుకునే పని నాది. తెడ్డు పడవలో బోటు వెనక్కి చేరాను. అంతలో ఏదో బోటు పక్కనుంచి పోతే అల వచ్చి గొట్టం మూతిని ముంచి పోయింది. పడవ తూలకుండా గొట్టం పక్కన చెక్క మీద చెయ్యి ఆనించాను. నా బొటనవేలు లోపలికి దిగింది. రంగు పైపైన నిగనిగలాడుతోంది, కింద చెక్క నానబెట్టిన రొట్టెలా ఉంది.

"బిరడా పెట్టావా?" అని లోపల్నుంచి మా ఆయన కేకేశారు.

వేలు తీసేస్తే ఆ గుంట ఎవరికీ కనపడదు. కొత్త గొట్టం ఆ మెత్తటి చెక్కలోనే బిగిస్తారు, సాయంత్రానికి పరుపు మళ్ళీ వెనక్కొస్తుంది, రేపు నేను చక్రం పట్టుకుంటాను. కొన్నాళ్ళు బానే ఉంటుంది కూడా. చెప్తే గరిటె. ఒక వంటిల్లు తప్పించుకోవడానికి నేను బోటుకి చిల్లు పెట్టుకుని తిరగడానికి సిద్ధపడుతున్నానా అనిపించి నామీద నాకే ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఒక సంగతి తట్టింది. బోటు ఒడ్డుకెక్కాలా అన్నది చెక్క చెప్పాల్సిన జవాబు. నేను ఎక్కడ ఉండాలన్నది నేను చెప్పాల్సింది. ఆ రెండిటికీ ఎవరో ముడి వేశారు, నేనూ ఇన్నాళ్ళూ దాన్ని విప్పి చూడలేదు.

"బిరడా వద్దు. చెక్క పుచ్చిపోయింది, ఒడ్డుకెక్కించాల్సిందే" అన్నాను.

మెకానిక్ బయటికొచ్చి వంగి చూసి, తనూ వేలు పెట్టి, ఈసారి నావైపే తిరిగి, నిజమేనమ్మా అన్నాడు. మా ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నారు. ఆయనకి నా మొహం చూడాలంటే ఇబ్బందిగా ఉందని తెలుస్తూనే ఉంది.

"సరే, మనం వస్తున్నామని అమ్మకి ఫోన్ చేస్తాలే" అన్నారు చిన్నగా.

"నువ్వు వస్తున్నావని చెప్పు. నేను బోట్లోనే ఉంటా."

"ఒడ్డున స్టాండ్ల మీద నిలబెట్టిన బోట్లోనా? ఎలా ఎక్కుతావ్?"

"నిచ్చెన వేసుకుని. చెక్క కోసేటప్పుడు నేను దగ్గరుండి చూడాలి."

ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డారు. కోపం లేదు, ఏం చెయ్యాలో తెలియకపోవడం ఉంది. "కోడలేదీ అని అమ్మ అడుగుతుంది. ఏం చెప్పను?"

"పనికెళ్ళిందని చెప్పు" అన్నాను.