ఒక్క నంబరు, ఇరవై మూడిళ్లు

ఒక ఫోన్ నంబరు మీద మూడిళ్లకు మించి నమోదైతే చెల్లింపు ఆపెయ్. ఈ రూలు రాసింది నేనే. పేద ఇళ్లకు నెలనెలా పిల్లల భత్యం పంపే ఆఫీసులో నా పని అదే, దళారులను కంప్యూటర్ చేత పట్టించడం. రూలు పెట్టిన మొదటి రోజే ఒకే నంబరు మీద ఇరవై మూడిళ్లు దొరికాయి. మా మేడమ్ లేచి వచ్చి మరీ భుజం తట్టారు. నేను నంబరు చూసి గతుక్కుమన్నాను.

"మేడమ్, ఇది మా పిన్ని నంబరు."

"బోణీ సొంతింట్లోనే చేశావన్నమాట. పద, చూసొద్దాం. ఐదింటికి జాబితా బ్యాంకుకు వెళ్లిపోతుంది. ఆలోపు తేలకపోతే ఆ ఇళ్లకి ఈ నెల గుండుసున్నా."

పిన్నిది ఆసుపత్రి సిబ్బంది ఉండే నాలుగంతస్తుల భవనంలో మెట్ల కింద ఇస్త్రీ కొట్టు. మడతపెట్టిన దుప్పటి పరిచిన బల్ల, నల్ల టేపు చుట్టిన వైరు, చుట్టూ బట్టల మూటలు. మూలన ఫోన్ చార్జింగ్‌లో ఉంది.

"ఏమే, పనిరోజు వచ్చావు? ఉద్యోగం ఊడిందా?"

"ఇంకా లేదు పిన్నీ. మా మేడమ్ వచ్చారు."

మేడమ్ డొంకతిరుగుడు మనిషి కాదు. "ఒకే నంబరని ఇరవై మూడిళ్ల డబ్బు ఆపాం. ఇంతమంది మీ నంబరే ఎందుకిచ్చారమ్మా?"

"కొందరికి ఫోన్ లేదండి. ఉన్నవాళ్లది ఎప్పుడు చూసినా చచ్చే ఉంటుంది. నేను పొద్దస్తమానం ఇక్కడే ఉంటా, కరెంటుంది, చదవడం వచ్చు."

"డబ్బు మీరే తీసిస్తారా?"

పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "డబ్బు వాళ్ల కార్డులో పడుతుంది. నా ఫోన్లో పడేది మెసేజి. దాంతో నేనేం కొనుక్కోను?"

"మెసేజిలో పేరుండదుగా. కార్డు చివరి నాలుగంకెలే. ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

పేరు దాచింది కూడా నేనే.

పిన్ని ఒక చొక్కా కాలరు తిప్పి చూపించింది. లోపల చెరగని సిరాతో నాలుగంకెలు. "ఇక్కడ అందరివీ ఆసుపత్రి యూనిఫాంలే, ఒకటే నీలం. ఎవరిది ఎవరిదో తెలియడానికి ఇంటికో గుర్తు వేసేదాన్ని. కార్డులొచ్చాక పాత గుర్తులు తీసేసి ఈ అంకెలే వేశా. మెసేజి రాగానే ఆ అంకెలున్న మూట మీద డబ్బు పడిందని చీటీ గుచ్చుతా."

మేడమ్ జాబితా తెరిచారు. "నలభై రెండు, పదిహేడు."

"మూడో అంతస్తు ఆయా. కవలలు."

"సున్నా ఆరు, తొంభై."

"గేటు కాపలాదారు భార్య. మొన్ననే మూడోది పుట్టింది, రాసుకోండి."

ఇరవై రెండిళ్లు గడగడా చెప్పింది. చివరిదానికి ఆగింది.

"ఎనభై ఒకటి, ముప్ఫై ఐదా? ఆసుపత్రి వంటగదిలో గిన్నెలు తోమే ఆవిడది. రెండు నెలలుగా మెసేజే లేదు. మీ ఆఫీసుకి మూడుసార్లు చేశా. ఎత్తితేగా."

"మా లెక్కలో డబ్బు చేరినట్టే ఉందే," అన్నారు మేడమ్, నా వైపు చూస్తూ.

నేను బట్టల మూట మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఆవిడ కార్డు మారింది. బ్యాంకు డబ్బు వెనక్కి పంపింది. మా తెర మాత్రం రెండు నెలలూ 'చేరింది' అనే చూపిస్తోంది. ఆరుగురు ఇంజినీర్లం, ఒక్కరం కూడా చూడలేదు. నీలం చొక్కాల మధ్య కూర్చుని మా పిన్ని పట్టింది. నాకు సిగ్గేసింది. అంతకు రెట్టింపు గర్వం కూడా వేసింది.

"ఇంతకీ ఆపమన్న తెలివి ఎవరిదండీ?" అంది పిన్ని.

మేడమ్ గడ్డంతో నా వైపు చూపించారు.

"నాదే పిన్నీ."

తిడుతుందనుకున్నాను. మెట్లు దిగుతున్న ఆయాను పిలిచింది. "వదినా, ఇలా రా. మా అక్క కూతురు. ఒక్క మాట రాస్తే ఇరవై మూడిళ్లకి డబ్బులాగిపోయాయి, తెలుసా?"

"గొప్పే," అంది ఆయా. "మరి వదలమనే మాట కూడా వచ్చా అమ్మాయికి?"

"వదిలెయ్," అన్నారు మేడమ్. "ఆ రూలు కూడా తీసెయ్. మనుషుల్ని అడక్కుండా ఇక ఆపేది లేదు."

నాలుగూ నలభైకి ఇరవై రెండు ఇళ్లు వదిలాను. పిన్ని నా ల్యాప్‌టాప్ పక్కన ఎనభై ఒకటి, ముప్ఫై ఐదు చొక్కా పెట్టింది.

"ఈవిడ కొత్త కార్డు సంగతి తేల్చి లే. అప్పటిదాకా ఆ మూట మీంచి కదిలావో చూడు."

బ్యాంకుకు ఫోన్ కలిపాను. మేడమ్ అవతలి మూట మీద కూర్చుని తన ఫోన్ చార్జింగ్‌కి ఇచ్చారు.