మూత పెట్టేవాళ్ళ వాటా

రోజంతా సిటీ బస్సు నడిపి ఇంటికొచ్చాక ఆవిడ మొదట చెప్పులు విప్పేది, తర్వాత పొయ్యి వెలిగించేది. ఆ రెండు పనుల మధ్య కూర్చోవడమనేది లేదు. ఆవిడ కూర్చోకపోయినా అత్తగారికి తప్పు కనపడేది కాదు, ఎందుకంటే కోడలిది కూర్చుని చేసే ఉద్యోగమట. "నీకేమమ్మా, పొద్దస్తమానం కుర్చీలోనేగా," అనేది. ఆ మాట విన్నప్పుడల్లా డ్రైవరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా పళ్ళు బిగబట్టి ఉల్లిపాయ తరిగేది.

ఆ ఇంట్లో వంటకి ఒక పద్ధతి ఉంది. గిన్నెలో అన్నీ వేశాక "మూత పెడుతున్నా" అని ఒక కేక వెయ్యాలి. అది వినగానే ఇంట్లోవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చి బల్ల ముందు కూర్చోవాలి. మూత పడేసరికి బల్ల దగ్గర ఎంతమంది కూర్చుని ఉంటే గిన్నె అంతమందికే వండుతుంది. గుప్పెడు వేసినా, గంపెడు వేసినా అంతే. అందుకే ఆవిడ మొగుడు, కళ్ళజోళ్ళ షాపు నడిపేవాడు, ఒకసారి సగం గడ్డం గీసుకుని, మిగతా సగానికి నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. మూత పెట్టకుండా వండితే అడుగు మాడేదే గాని పైన ఉడికేది కాదు. కొత్త గిన్నె కొని చూశారు. వారం తిరక్కుండా అదీ పాతవాటి బుద్ధే నేర్చుకుంది. దీన్ని ఆ ఇంట్లో ఎవరూ వింతగా చెప్పుకోలేదు. కొన్ని ఇళ్ళలో కుళాయి కారుతుంది, ఈ ఇంట్లో గిన్నె మనుషుల్ని లెక్కపెడుతుంది.

చిక్కల్లా మూత పెట్టేవాళ్ళతోనే. వాళ్ళు పొయ్యి దగ్గర నిలబడి ఉంటారు గనక గిన్నె లెక్కలోకి రారు. డ్రైవరమ్మ ఒకసారి పొయ్యి పక్కకే స్టూలు లాక్కుని, దాని మీద కూర్చుని మూత పెట్టింది. గిన్నె ఆ తెలివిని ఒప్పుకోలేదు. ఆ రోజు కూడా వచ్చినవి మూడు పళ్ళేలే. మొగుడికి ఒకటి, అత్తగారికి ఒకటి, అందరూ పిచ్చుక అని పిలిచే కూతురికి ఒకటి. ఆవిడకి గిన్నె అంచుల్లో గీకితే వచ్చేది, దానికి తోడు రెండు బ్రెడ్డు ముక్కలు. ఆ బల్లకి కుర్చీలు కూడా మూడే ఉండేవి.

ఆవిడకి ముందు అక్కడ నిలబడింది అత్తగారే. కోడలు గడపలో అడుగు పెట్టిన మర్నాడే మూత ఆమె చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పట్నుంచీ లేచింది లేదు.

ఒకరోజు బస్సు డిపోలో డ్యూటీలు మార్చారు. వచ్చే సోమవారం నుంచి ఆవిడకి సాయంత్రం బస్సు. వంటకి ఇంట్లో ఉండదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, ఎవరో ఒకళ్ళు తన పని అందుకుంటారని కాసేపు ఎదురుచూసింది. అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, "పిచ్చుక పొయ్యికి అందుతోందిగా. అది పెడుతుందిలే మూత," అంది. మొగుడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందేగా అన్నాడు. పిచ్చుక సంబరపడిపోయింది. ఇవాళే పెడతానంది.

డ్రైవరమ్మకి ఒళ్ళంతా నిప్పు రాజుకున్నట్టయింది. తన ఆకలి తనకి అలవాటైపోయింది, దాన్ని స్టీరింగు కింద తొక్కిపెట్టి బండి నడపడం వచ్చేసింది. కానీ ఇది ఎదిగే పిల్ల. మోకాళ్ళు ఎముకలు తేలి ఉంటాయి. అన్నం దగ్గర ఇంకొంచెం వెయ్యమని అడిగే పిల్ల. ఆ పిల్ల చేతికి మూతా బ్రెడ్డు ముక్కా ఇచ్చి, దాని కన్నతండ్రి తాపీగా అద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆవిడకి ఆ అద్దాలు పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు. వెల్లుల్లి చితక్కొట్టింది. పక్కింటివాళ్ళు గోడ మీద తట్టేంత గట్టిగా కొట్టింది.

ఒంట్లో ఓపిక లేని రోజుల్లో ఆవిడ చేసేది పాస్తా. ఒకటే గిన్నె, ఒకటే గరిటె. వెన్న కరిగించి వెల్లుల్లి, ఉల్లిపాయ వేయించింది. పచ్చి పాస్తా అందులోనే పోసింది. పాలు, నీళ్ళు సగం సగం కలిపి పోసింది. ఉప్పు, మిరియాల పొడి, పైన చెంచాడు మీగడ, తురిమిన చీజు. ఇక మిగిలింది మూతే. పిచ్చుక దాన్ని అప్పటికే రెండు చేతుల్తో పట్టుకుని, కేక వెయ్యడానికి నోరు తెరిచింది.

"కింద పెట్టు దాన్ని," అంది డ్రైవరమ్మ.

పిల్ల గట్టు మీద పెట్టేసింది. తల్లి గొంతు అలా ఎప్పుడూ వినలేదు. డ్రైవరమ్మ పిల్లని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి దాని కుర్చీలో కూర్చోబెట్టింది. వసారాలో ఉన్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, బల్లకి నాలుగో వైపున ధన్‌మని వేసి, దాని మీద తను కూర్చుంది. చేతులు కట్టుకుంది.

పొయ్యి మీద పాలు చిన్నగా కుతకుతమంటున్నాయి. ఎవరూ కదల్లేదు.

"మూత?" అన్నాడు మొగుడు.

"రోజంతా కూర్చునే ఉద్యోగం కదండీ నాది. ఇప్పుడూ కూర్చున్నాను."

"అడుగంటుతోంది."

"అంటనివ్వండి. నా కడుపు ఎన్నాళ్ళుగా అంటుకుపోయిందో ఎప్పుడైనా చూశారా? నా ఆకలితో సరిపెట్టుకోండి. పిల్ల జోలికొస్తే మాత్రం ఈ ఇంట్లో పొయ్యి వెలగదు."

మాడు వాసన మొదలైంది. పిచ్చుక లేవబోయింది. తల్లి దాని వైపు చూడగానే మళ్ళీ కూర్చుంది. అప్పుడు అత్తగారు అందుకుంది. తనూ నిలబడిందట, కాళ్ళు వాచేదాకా నిలబడిందట, అప్పట్లో బ్రెడ్డు కూడా లేదట. చెబుతున్నకొద్దీ ముసలావిడ గొంతు పెరిగింది. కోడల్ని తిట్టడానికే మొదలుపెట్టింది గాని, మధ్యలో ఆ కోపం దారి మళ్ళింది.

"నాకోసం ఎవరు లేచారే? వీడి నాన్న లేచాడా? ఒక్కనాడైనా?"

"ఎవరూ లేవలేదు అత్తయ్యా," అంది డ్రైవరమ్మ. "లేచి ఉంటే మీరు నా చేతికి మూత ఇచ్చేవారు కాదు."

ముసలావిడ బల్ల చుట్టూ చూసింది. కోడల్ని చూసింది, మనవరాల్ని చూసింది, చివరికి కొడుకు దగ్గర ఆగింది. తను పస్తుండి, పళ్ళెం నింపి పెంచిన కొడుకు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వడ్డన కోసం చూస్తున్నాడు.

"లేవరా," అంది.

"అమ్మా, నేనా?"

"లే."

లేచాడు. పొయ్యి దగ్గరికి నడిచాడు. కేక ఎలా వెయ్యాలో తెలియక, మూత పెడుతున్నా అని గొణిగి పెట్టేశాడు. గిన్నె ఎప్పట్లాగే లెక్కపెట్టుకుంది.

అడుగు కాస్త మాడినా పాస్తా చిక్కగా, నున్నగా వచ్చింది. మూడు పళ్ళేలు నిండాయి. అతను గిన్నె వంచి చూశాడు. గరిటెతో గీకితే నల్లటి పెచ్చులు, వాటికంటుకున్న నాలుగు పాస్తా గొట్టాలు వచ్చాయి. కుర్చీ ఖాళీగానే ఉన్నా కూర్చోవడం మర్చిపోయి, గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"రోజూ నువ్వు ఇదేనా తినేది?" అని అడిగాడు.

అలవాటు కొద్దీ డ్రైవరమ్మ చెయ్యి పళ్ళెంలో సగం అతని వైపు తోయబోయింది. తన చేతి మీద తనకే కోపం వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుని, పళ్ళెం దగ్గరికి లాక్కుని తిన్నది. వేడిగా తిన్నది. ఆ ఇంట్లో వేడిగా తినడం అదే మొదలు. తింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం మాత్రం తగ్గలేదు. కడుపు నిండాక ఇంకాస్త ఓపికగా కోప్పడొచ్చని తెలిసింది.

"బ్రెడ్డు ఎక్కడుంటుంది?" అన్నాడు మొగుడు. రెండు అలమరలు తెరిచి వెతుక్కున్నాడు.

పిచ్చుక మూతి తుడుచుకుని, రేపు మూత ఎవరు పెడతారని అడిగింది.

"వాడే," అంది ముసలావిడ, చీజు సాగదీస్తూ. "ఎల్లుండీ వాడే. ఆ తర్వాత కావాలంటే నేను పెడతాను. నువ్వు తిను."

పిల్ల తిన్నది. ఇంకొంచెం కావాలంది. బల్ల మీద రెండు పళ్ళేలు ఒకేసారి దాని వైపు జరిగాయి.