శ్రీరంగప్ప ఇంటి గడప

శుక్రవారం వచ్చిందంటే శ్రీరంగప్ప కూతురు కల్పనకు గడప దగ్గర గంట పని. పసుపు రాయాలి, కుంకుమ బొట్లు పెట్టాలి. పక్కిళ్ళలో అది కాఫీ కాగేలోపల అయిపోతుంది. శ్రీరంగప్ప ఇంట్లో మాత్రం గడప కల్పన చంకల దాకా ఉంది. కింద కూర్చుని మొదలుపెట్టి, మోకాళ్ళ మీద లేచి, తర్వాత నిలబడి పై అంచుకు వచ్చేసరికి పసుపు పొట్లం ఖాళీ అయ్యేది, నడుము పట్టేసేది. ఆ వేళకే పాలమ్మే బయమ్మ వచ్చి, పొడుగు కాడ గరిటెతో గడప మీదుగా పాలు పోసేది. ఇద్దరూ రాని వానను తిట్టుకుని, నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో మాట్లాడుకునేవాళ్ళు.

ఆ గడప సంగతి కదిరిలో ఆ వీధికంతా తెలుసు. ఇంట్లో ఎవరైనా "మనకు ఆనవాయితీ లేదు" అంటే చాలు, అది వేలు మందం పెరుగుతుంది. ఆనవాయితీలు లేని ఇల్లు ఎక్కడుంది? ఒకరింట్లో మునగచెట్టు పెట్టరు, ఇంకొకరింట్లో అరిసెలు వండరు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ ఉండదు. మిగతా ఇళ్ళ గడపలు విని ఊరుకునేవి, శ్రీరంగప్ప ఇంటి గడప పట్టించుకునేది. అంతే తేడా. వడ్రంగి హనుమంతప్ప ఒకసారి రంపంతో వచ్చి, అటూ ఇటూ తట్టి చూసి, "కట్టెలో దోషమేమీ లేదప్పా, మాటలు తగ్గించుకోండి" అన్నాడు. గడప జోలికి పోకుండా తలుపుల్నే కింద కోసి వెళ్ళాడు. అట్లా గడప లేచినప్పుడల్లా కోయగా కోయగా ఇప్పుడవి తలుపుల్లా లేవు, కిటికీ రెక్కల్లా ఉన్నాయి.

శ్రీరంగప్పకు బజారులో పప్పుల అంగడి. లోపల స్టూలు, బయట ఖాళీ నూనె డ్రమ్ము పెట్టుకుని గడపెక్కి దిగి అంగడికి పోయివచ్చేవాడు. ఆడవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. గడప తొక్కకూడదు కదా! తొక్కకుండా చంకల ఎత్తు గడపను దాటేదెట్లా అని కల్పన ఒకసారి అడిగింది. "గడపెక్కి దూకే ఆనవాయితీ మన ఆడోళ్ళకు లేదమ్మీ" అన్నాడాయన. గడప ఇంకో వేలు లేచింది. దొడ్డివాకిలి ఎప్పుడో వాస్తు చూసి గోడ పెట్టేశారు. శ్రీరంగప్ప తల్లి రామసుబ్బమ్మ వీధి మొహం చూసి నాలుగేళ్ళు. కల్పన చూసి పద్నాలుగు నెలలు. కల్పన తల్లి, పిల్లకు పదేళ్ళున్నప్పుడే జ్వరమొచ్చి పోయింది. ఇంట్లో ఉన్నది ఈ ముగ్గురే.

పద్నాలుగు నెలల కిందట గడప మోకాళ్ళ దాకానే ఉండేది. అప్పుడే కల్పన రైల్వే గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష రాసింది. తండ్రే వెంటబెట్టుకుపోయి రాయించుకొచ్చాడు. ఎట్లాగూ రాదని ఆయన ధైర్యం. వచ్చింది. జూన్ ఇరవయ్యో తేదీకల్లా గుంతకల్లులో చేరాలని, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని కాగితం వచ్చింది. పోస్టుమ్యాను గడప మీదుగా అందించి, మిఠాయి ఎప్పుడని కూడా అడిగాడు.

"ఆడపిల్ల ఒంటిగా ఊరుగాని ఊర్లో ఉండి ఉద్యోగం చేసే ఆనవాయితీ మన ఇంట్లో లేదు" అన్నాడు శ్రీరంగప్ప.

ఆ వారంలో కల్పన ఏడుసార్లు అడిగింది. ఏడుసార్లూ అదే మాట, ఏడు వేళ్ళ గడప. ఎనిమిదోసారి అడగాలంటే భయం వేసింది. ఇంకా లేస్తే బయమ్మ ముఖం కూడా కనిపించదు. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టుకుని, వంటింట్లో నిలబడి చప్పుడు కాకుండా ఏడ్చేది. ఇరవై నాలుగేళ్ళొచ్చినా తన ఇంటి వాకిలి తనకు గోడయిందని కుమిలిపోయేది.

సరిగ్గా అప్పుడే వీధికి కేబుల్ టీవీ ఇచ్చే ఓబులేసు మిషన్లో డిస్కు ఇరుక్కుంది.

ఓబులేసు బెంగుళూరులో డిస్కులు గుత్తగా కొనుక్కొచ్చాడు. పైన అట్ట మీద దేవుడి బొమ్మ, లోపల ఏదో పాత ఇంగ్లీషు సినిమా. వేశాక చూస్తే మిషను మూత తెరుచుకోలేదు. అనంతపురం నుంచి మెకానిక్కు వచ్చేదాకా వేరే దారి లేదు. ఖాళీ తెర చూపించేదానికంటే ఏదో ఒకటి మేలని, రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు అదే సినిమా వేశాడు. శ్రీరంగప్ప అంగడి మూసి భోజనానికి వచ్చే వేళ అది. మొదటి రోజు విసుక్కుంటూనే చూశాడు. పాటలు మొదలయ్యేసరికి తొడ మీద తాళం వేస్తున్నాడు.

మంచు పడే ఊరు. గడ్డం పెద్దాయన ఒకడు రొట్టెల పిండి పిసుకుతూ పాడతాడు. పిండిని బల్లకేసి కొట్టే చప్పుడే దరువు. చుట్టూ ఇళ్ళ కిటికీల్లోంచి ఆడవాళ్ళు పాట అందుకుంటారు. శ్రీరంగప్పకు, రామసుబ్బమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి కల్పన పక్కన కూర్చుని తెలుగులో చెప్పేది.

"ఎవురే వీళ్ళు?" అంది రామసుబ్బమ్మ.

"యూదులంట అవ్వా."

వాకిలి పక్కన చిన్న గొట్టం లాంటిది కొట్టి ఉంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాన్ని వేళ్ళతో తాకి ఆ వేళ్ళను ముద్దు పెట్టుకుంటున్నారు. పాలగిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు. శుక్రవారం పొద్దుగూకే వేళకు ఇంటావిడ తల మీద గుడ్డ కప్పుకుని దీపాలు ముట్టించింది.

"శుక్రవారం దీపం పెడ్తాండారు సూడు! మడీ ఆచారం ఉండే మనుషులు. యా దేశమైతేనేం" అని ముసలామె తెరకు దండం పెట్టింది.

ఆ రొట్టెలాయనకు ఒక్కతే కూతురు. పట్నం పోయి పంతులమ్మ అవుతానంటుంది. ఆయన బల్లెక్కి నిలబడి, ఊరంతా వంత పాడుతుండగా పెద్ద పాట పాడాడు.

"ఏమంటాండాడమ్మీ?"

"మాకు ఆనవాయితీ లేదంటాండాడు నాయనా" అంది కల్పన. అంతకంటే సరైన మాట ఆమెకు దొరకలేదు. నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకుంది. వాకిట్లో కట్టె కిర్రుమంది. ఈసారి పెంచింది తనే.

సినిమాలో పిల్ల పొయ్యి పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. శ్రీరంగప్ప మంచం మీద ముందుకు జరిగాడు. ఆయన మెత్తని మనిషి, అంగడికి వచ్చే ఆవుకు కూడా పెసలు పెట్టేవాడు. తెర మీద ఏడుపు చూసి ఓర్చుకోలేకపోయాడు.

"ఏం ఆనవాయితీరా నీ బొంద! బిడ్డ ఏడుస్తాంటే కండ్లు కనపళ్ళేదా నీకు? పంపియ్యరాదా?" అని టీవీని కసిరాడు.

మర్నాడు పొద్దున కల్పన చూస్తే తలుపు రెక్కలకూ గడపకూ మధ్య సందు పడింది. నాలుగు వేళ్ళ సందు. అందులోంచి పిల్లి ఒకటి ఇంట్లోకి వచ్చి పాలగిన్నె దగ్గర కూర్చుంది. కల్పన దాన్ని తరమలేదు. ఆ సందులో చెయ్యి పెట్టి బయటి ఎండను ముట్టుకుంది.

ఇక రోజూ రెండు గంటలకు తనే టీవీ పెట్టేది. శ్రీరంగప్ప అన్నం ముద్ద చేతిలో పెట్టుకునే రొట్టెలాయనను తిట్టేవాడు. "మూర్ఖుడప్పా వీడు" అనేవాడు. "బిడ్డను కట్టేసుకుని ఏం బాగుపడతావురా" అనేవాడు. పాటొస్తే మాత్రం తిట్టు ఆపి తాళం వేసేవాడు, పాటయ్యాక మళ్ళీ తిట్టేవాడు. గడప చంకల నుంచి రొమ్ముకు, రొమ్ము నుంచి నడుముకు దిగింది. బయమ్మ పొట్టి గరిటె తెచ్చుకుంది.

పదహారో తేదీ, అంగడికి పోబోతూ శ్రీరంగప్ప స్టూలెక్కి, అలవాటు ప్రకారం కాలు ఎత్తు మీద వేయబోయి గాల్లో వేశాడు. వీధిలో పడ్డాడు. మోకాలు కొట్టుకుపోయింది. లేచి దుమ్ము దులుపుకుని గడపను చూశాడు, లోపల వాగుతున్న టీవీని చూశాడు, కూతురి ముఖం చూశాడు. కుంటుకుంటూ అంగడికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రెండు గంటలకు వచ్చి సినిమా ముందు కూర్చున్నాడు. మానుకోలేడు, ఆ పాటలంటే అంత ఇష్టం. కానీ భుజం మీది తువ్వాలు తీసి, ఉండ చేసి, పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు. పిల్ల ఏడ్చినప్పుడు ఆయన దవడలు అదిరాయి. కళ్ళలో నీళ్ళు కారాయి. మాట మాత్రం బయటికి రాలేదు. గడప నడుము దగ్గరే ఆగిపోయింది. పద్దెనిమిదో తేదీ కూడా అంతే. కల్పనకు ఇది గడప పెరిగినదానికంటే ఘోరంగా తోచింది. తెలియక ఆపినవాడు ఇప్పుడు తెలిసే ఆపుతున్నాడు.

పంతొమ్మిదో తేదీ. రేపు పొద్దున బస్సు ఎక్కితే అనంతపురం మీదుగా మధ్యాహ్నానికి గుంతకల్లు చేరొచ్చు. ఎక్కకపోతే ఉద్యోగం లేదు. ఓబులేసు ఇంటింటికీ వచ్చి, సాయంత్రం మెకానిక్కు వస్తున్నాడని, ఈ పీడ ఈ రోజుతో సరి అని సంతోషంగా చెప్పి పోయాడు.

సినిమా మొదలైంది. కల్పన తెలుగు చెప్పలేదు. పది రోజులుగా చూసినవాళ్ళకు చెప్పాల్సింది ఏముంది? రామసుబ్బమ్మ గోడకు ఆనుకుని చూస్తోంది. శ్రీరంగప్ప నోట్లో తువ్వాలు. చివరికి ఆ పిల్ల మూట కట్టుకుని మంచులో నిలబడింది. తండ్రి బయటికి రాలేదు. లోపలే పిండి పిసుకుతూ, తల ఎత్తకుండా, పాట లేకుండా, రెండు చిన్న మాటలన్నాడు. అక్కడ కల్పన రోజూ ఏమీ చెప్పకుండా దాటేసేది.

ఈ రోజు చెప్పింది.

"నువ్వు పోతే నాకెవురుండారు, అంటాండాడు నాయనా."

శ్రీరంగప్ప నోట్లోంచి తువ్వాలు తీశాడు.

"ఇన్ని దినాలు ఆనవాయితీ అంటాండాడని చెప్తివే?"

"అది పాట. గట్టిగా అందరి ముందరా పాడతాడు. ఇది మాత్రం మెల్లగా అంటాడు. ఎవురికీ వినపడదు. ఆ పిల్లకు కూడా."

"నువ్వు యాల చెప్పలేదు?"

"చెప్తే నాకే పొయ్యేదానికి కాళ్ళు రావని" అంది కల్పన.

శ్రీరంగప్ప తెర వైపు తిరిగాడు. పిల్ల మంచులో చిన్న చుక్కయిపోయింది. ఆయనకు భార్య పోయిన ఏడాది గుర్తొచ్చింది. అంగడి నుంచి వస్తే, అరుగు మీద జడ వేసుకోకుండా కూర్చుని తన కోసం ఎదురుచూసిన పదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల లేని ఇంటికి భోజనానికి రావడమంటే ఆయనకు చచ్చేంత భయం. ఆ భయానికి ఇంతకాలం పెద్దల పేరు పెట్టుకున్నాడు.

"ఆ మాట గట్టిగా అనుంటే, ఆ పిల్ల పోకుండా నిలిచుండునా?" అని అడిగాడు.

కల్పన అబద్ధం చెప్పలేదు. "పొయ్యుండును నాయనా. ఏడ్చుకుంటా పొయ్యుండును. మళ్ళా వచ్చి చూసి పోతా ఉండును."

టీవీలో పేర్లు పడుతున్నాయి. రామసుబ్బమ్మ ముక్కు చీదుకుంది. శ్రీరంగప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఆ తడి గుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

"నువ్వు పోతే నాకెవురుండారమ్మీ" అన్నాడు, గట్టిగా, కూతురి ముఖం చూస్తూ. తర్వాత, "బస్సెన్నింటికి?" అన్నాడు.

వాకిట్లో కట్టె కదిలింది. ఎవరూ లేచి చూడలేదు.

తెల్లారి గడప నేలకు వేలెత్తున ఉంది. అవ్వ ముందు దాటింది. వీధి అరుగు మీద కూర్చుని, ఎదురింటికి కొత్త సున్నం వేశారని తప్పు పట్టింది. కల్పన కాలు ఎత్తింది. అంత తేలికగా దాటగలనని నమ్మలేక మరీ ఎత్తుగా ఎత్తింది, తూలింది. శ్రీరంగప్ప చెయ్యి పట్టుకుని నిలబెట్టి, సంచీ అందించాడు. కల్పన వంగి కాళ్ళకు దండం పెట్టి, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ బస్టాండు దారి పట్టింది. వెంట రావద్దని తనే చెప్పింది. ఆయన వాకిట్లోనే నిలబడిపోయాడు.

ఎదురింటి తిమ్మప్ప పళ్ళు తోముకుంటూ వచ్చాడు.

"ఏమప్పా శ్రీరంగప్పా, ఆడబిడ్డ ఒంటిగా ఊరు విడిచి పోయేది ఉండాదా మీ ఇండ్లల్లో?"

శ్రీరంగప్ప వీధి మలుపులో సంచీ మోసుకుపోతున్న కూతురి మీద నుంచి చూపు తీయలేదు.

"పోతాండాది కదప్పా" అన్నాడు, "కనపళ్ళేదా నీకు?"