రెండు వందల పదిహేడు

ఆమెను ఇంట్లో అందరూ ఎందుకమ్మ అనేవాళ్లు. మూడేళ్లప్పుడు మొదలుపెట్టిన "ఎందుకు" ముప్పై దాటినా ఆపలేదు మరి. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి చూసింది, నాన్న రేడియో విప్పి చూసింది, రెండోదాన్ని మళ్లీ బిగించలేక వీపు విమానం మోత మోగించుకుంది. చివరికి ఆ రోగానికి తగ్గ ఉద్యోగమే దొరికింది. ఫోన్ కంపెనీ వ్యాన్‌లో నాలుగు ఫోన్లు, ఒక లాప్‌టాప్ పెట్టుకుని వీధివీధీ తిరగడం, సిగ్నల్ ఎక్కడ ఎలా ఉందో రాసుకోవడం.

ప్రస్తుతం ఆమె బుర్ర తొలిచేస్తున్న ఎందుకు ఒక్కటే. అక్క ఫోన్ సరిగ్గా ఆ వంపు దగ్గరే ఎందుకు తెగింది?

అక్క కాన్పులు చేసే నర్సు. పది రోజుల కిందట ఆస్పత్రి వ్యాన్‌లో వెళ్తుంటే ఒకాయన ఫోన్ చేశాడు. "నొప్పులు మొదలయ్యాయండీ, మేం ఇంట్లో లేం, మా అత్తగారి..." అంతే, నది పక్క వంపులో లైన్ తెగిపోయింది. అక్క తిరిగి చేస్తే అతని ఫోన్ బిజీ. అతనూ ఆ క్షణంలో అక్కకే చేస్తున్నాడు పాపం. ఆ తర్వాత అతని ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. అక్క తన దగ్గరున్న చిరునామాకి వెళ్లి, తాళం చూసి, పక్కింటివాళ్లను అడిగి అత్తగారిల్లు పట్టుకునేసరికి ముప్పావు గంట పట్టింది. తల్లీబిడ్డా క్షేమమే. కానీ ఆ ముప్పావు గంట వాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడిపారు. "నర్సు మధ్యలో ఫోన్ పెట్టేసింది" అని ఫిర్యాదు రాశారు. ఆస్పత్రి డ్రైవర్‌ని అడిగితే, "మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోన్ సంచిలో వేసుకున్నారు" అన్నాడు. ముందు సీట్లోంచి అతనికి కనిపించింది అంతే. శుక్రవారం విచారణ. తేడా వస్తే అక్క పద్దెనిమిదేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది.

"నేను పెట్టెయ్యలేదే. నువ్వైనా నమ్ముతున్నావా?" అని అడిగింది అక్క.

"నమ్మడం ఎందుకక్కా, చూపిస్తాను."

చూపించడం కుదిరే పనే. ఏ కాల్ ఆగినా, మనిషి పెట్టేశాడా, లైనే తెగిందా అన్నది టవర్ దగ్గర ఒక కోడ్‌గా నమోదవుతుంది. ఫోన్ ఒక దేశంలో తయారైనా, దాని లోపలి చిప్ ఇంకో దేశానిదైనా, టవర్ మూడో దేశానిదైనా ఆ కోడ్‌కి అర్థం మారదు. బజార్లో ఒకరి పీక ఒకరు నొక్కుకునే కంపెనీలన్నీ ఒక బల్ల చుట్టూ బుద్ధిగా కూర్చుని ఒప్పుకున్న ప్రమాణాలవి. అది తలుచుకున్నప్పుడల్లా ఎందుకమ్మకు ముచ్చటేస్తుంది. ఆమె మేనేజర్‌కు మాత్రం అంత ముచ్చట లేదు.

"ఊరికే రికార్డులు బయటికివ్వం. అక్కడ లోపం ఉందని రుజువు చెయ్యి, నేనే లెటర్ ఇప్పిస్తా," అన్నాడు. ఆ మాట అంటూనే, "వచ్చే నెల నీకు టవర్ల ప్లానింగ్ సీటు మళ్లీ ఇవ్వాలనుకుంటున్నాం. ఇలాంటి గొడవలు ఇప్పుడు అవసరమా?" అని కూడా తగిలించాడు.

మంగళవారం పొద్దున్నే వ్యాన్ వంపు దగ్గర ఆగింది. నాలుగు ఫోన్లలోనూ సిగ్నల్ నిండుగా ఉంది. అరగంట కాల్ నడిపినా చెక్కుచెదరలేదు.

"బంగారంలా ఉంది కదమ్మా, ఇంక పోదామా?" అన్నాడు ఆమె వ్యాన్ నడిపే బాబాయ్. ఆయనకు టిఫిన్ వేళ దాటితే లోకమంతా చేదే.

"మనం నిలబడి ఉన్నాం బాబాయ్. అక్క నిలబడలేదుగా. ఒకసారి అక్క వచ్చినట్టే రా."

వ్యాన్ దక్షిణం నుంచి వచ్చింది. వంపు తిరుగుతుండగా కాల్ టప్పున తెగింది. ఎందుకమ్మ సీట్లో ఎగిరి గంతేసినంత పని చేసింది. రెండోసారీ తెగింది. మూడోసారీ అంతే. ఉత్తరం నుంచి వస్తే మాత్రం నిక్షేపంలా ఉంది.

"ఒక వైపు నుంచి వస్తేనే ఎందుకు?" అంది.

"నన్నడిగితే నేనేం చెప్పను తల్లీ," అన్నాడు బాబాయ్, ఆకలితో.

లాప్‌టాప్‌లో ఫోన్‌కీ టవర్‌కీ నడిచిన సంభాషణ వరసగా ఉంది. వెళ్తున్న ఫోన్ ఊరుకోదు, చుట్టుపక్కల టవర్లను వింటూనే ఉంటుంది. వంపులో అది తన టవర్‌తో, "నాకు రెండు వందల పదిహేడు బాగా వినిపిస్తోంది, అక్కడికి పంపించు" అంది. టవర్ సరేనని, తనకు తెలిసిన రెండు వందల పదిహేడుకు కబురు పెట్టింది. అది రేవు దగ్గరి టవర్. అక్కడ అంతా సిద్ధం చేసుకుని ఎదురుచూస్తున్నారు. ఫోన్ మాత్రం ఇంకెవరి తలుపో తట్టింది. వాళ్లు "ఎవరు నువ్వు?" అన్నారు. లైన్ తెగింది. ఉత్తరం నుంచి వచ్చేటప్పుడూ, ఆగి ఉన్నప్పుడూ ఫోన్‌కి వంపులో టవర్ మారే పనే పడలేదు.

అంటే ఇక్కడ ఇంకో రెండు వందల పదిహేడు వినిపిస్తోంది. అలాంటిది ఉండటం తప్పు కాదు. 4జీలో టవర్లకు పెట్టుకోవడానికి ప్రమాణం ఇచ్చిన నంబర్లు ఐదు వందల నాలుగే, లోకంలో టవర్లేమో లక్షల్లో ఉన్నాయి. అదే నంబర్ మళ్లీ మళ్లీ వాడక తప్పదు. ఒకే నంబర్ ఉన్న రెండు టవర్లు ఒకే చోట వినిపించకుండా చూసుకోవాలి, అంతే.

ఆమె వ్యాన్ దిగి చుట్టూ చూసింది. రోడ్డుకు అవతల ఖాళీ జాగా, ఇటుక ముక్కల గుట్టలు. దాని వెనక దూరంగా బట్టల మిల్లు కప్పు మీద ఒక టవర్ కనిపించింది. ఈ రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగింది కానీ ఆ టవర్‌ను ఇక్కడి నుంచి ఎప్పుడూ చూడలేదు.

"బాబాయ్, ఇక్కడేదో ఉండాలి కదా?"

"ధాన్యం గోదాం. ఆరంతస్తుల ఎత్తుండేది. పోయిన నెలే పడగొట్టారు."

లాప్‌టాప్‌లో మిల్లు టవర్ కాగితం తెరవకముందే అందులో ఏముందో ఆమెకు తెలిసిపోయింది. నంబర్ 217. నంబర్ ఇచ్చింది మూడేళ్ల కిందట, ప్లానింగ్‌లో. పక్కన గళ్లో ఒక ముక్క రాసి ఉంది: "రేవు టవర్‌తో ఇబ్బంది లేదు, మధ్యలో గోదాం అడ్డం." కింద రెండు పొడి అక్షరాలు. ఆమెవే. ప్రపంచంలో అందరినీ ఎందుకని నిలదీసిన మనిషి, గోదాం ఎన్నాళ్లుంటుందని మాత్రం అడగలేదు.

బాబాయ్ ఏమైందని అడిగితే, "ఆఫీసుకి పోనీ" అంది.

మేనేజర్ అంతా చదివి గడ్డం గోక్కున్నాడు. "లోపం దొరికింది, బాగుంది. లెటర్‌లో 'సాంకేతిక కారణం' అని రాద్దాం. పేర్లెందుకు? నీ సీటుకే ముప్పు."

"ఏ కారణమో రాయకపోతే విచారణలో ఎవరు నమ్ముతారు సార్? గోదాం పడిన తేదీ, నంబర్ ఇచ్చిన మనిషి, ఆ రోజు కాల్‌కి పడిన కోడ్, మూడూ ఉండాలి."

"ఎందుకు?" అన్నాడాయన విసుగ్గా.

ఆ మాట ఎదుటివాళ్ల నోట విని ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మూడూ రాసి సంతకం పెట్టింది. సీటు సంగతి మేనేజర్ మళ్లీ ఎత్తలేదు.

గురువారం పొద్దున మిల్లు టవర్ నంబర్ 338 అయింది. లెటర్ ఆస్పత్రికి చేరింది. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. వ్యాన్‌లో ఉందని ఇంజను చప్పుడే చెబుతోంది.

"లెటర్ చూశానే! మా సూపరింటెండెంట్ అందరి ముందూ చదివాడు. లైనే తెగిందట, నా తప్పు లేదట. ఏదో నంబర్ అని ఉంది, పొడి అక్షరాలు ఉన్నాయి, నాకు బోధపడలేదు. అసలు ఎందుకు తెగింది?"

జీవితంలో మొదటిసారి ఆమెకు ఆ ప్రశ్న నచ్చలేదు.

"నా వల్ల అక్కా. ఆ నంబర్ పెట్టింది నేనే. ఆ ముప్పావు గంట నా వల్లే."

అవతల మాట లేదు. ఎందుకమ్మ చెవికి ఫోన్ నొక్కుకుంది. ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. ఈపాటికి అక్క వ్యాన్ ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు.

"హలో? అక్కా? హలో?"

"అరవకు, వినిపిస్తోంది," అంది అక్క. "వంపు దాటేశాం. నేను పెట్టెయ్యలేదు. మొదటి నుంచీ చెప్పు."