ఇద్దరు దర్జీలూ, ఒక పసిపిల్లా

ఏడవని పిల్లకి తల్లయినా పాలివ్వదంటారు. మా పిల్ల పుట్టిన ఎనిమిది రోజుల్లో ఏడుపుకి ఏ లోటూ చేయలేదు. పాలే అందలేదు. నాకు పాలు రాక కాదు, రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జాకెట్టు తడిసిపోయేది. ఉన్న పాలు దాని నోట్లోకి పోవు, అదీ సంగతి. నోట్లో పెట్టగానే చనుమొన తెగిపోతున్నంత నొప్పి. నేను కేక పెట్టేదాన్ని, అది కేక పెట్టేది, ముందు గదిలో జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినావిడ మళ్ళీ వస్తానని వెళ్ళిపోయేది.

ముందు గది మా అత్తయ్య కుట్టు దుకాణం. నలభై ఏళ్ళుగా ఆవిడ అక్కడే కుడుతోంది. పెళ్ళయ్యాక నాకు పని నేర్పి, తన మిషన్‌కి ఎదురుగా నాకో మిషన్ వేయించింది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పిల్లకి ‘మేనేజరు’ అని పేరు పెట్టింది ఆయనే. తను పని చేయదు, అందరి చేతా చేయిస్తుంది, ఎంత చేసినా తృప్తి లేదు.

సోమవారం ఆసుపత్రిలో మేనేజరుని తూకం వేశారు. పుట్టినప్పుడు సరిగ్గా మూడు కిలోలు. ఇప్పుడు రెండు కిలోల ఏడొందల ఇరవై.

“పాలు పిండి చెంచాతో పడుతూ ఉండు. రొమ్ము పట్టించడం మానకు. రేపు నర్సుని మీ ఇంటికి పంపిస్తాను,” అంది డాక్టరమ్మ. “శుక్రవారానికి బరువు పెరగకపోతే మాత్రం డబ్బా పాలు మొదలుపెడదాం. అందులో తప్పేం లేదమ్మా. పిల్ల కడుపు నిండాలి, అంతే.”

తప్పేం లేదని నాకూ తెలుసు. మా అక్క పిల్లలిద్దరూ డబ్బా పాలు తాగి దుక్కల్లా ఉన్నారు. అయినా నా పాలు నా పిల్ల తాగాలని నాకుంది. ఎందుకని ఎవరైనా నిలదీస్తే చెప్పలేను. అది కళ్ళు మూసుకునే నా వాసన పట్టి, ముఖం అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కుంటుంది. అంతలా వెతుక్కున్నదానికి దొరకకపోతే ఎలా? శుక్రవారానికి నాలుగు రోజులుంది.

అత్తయ్య నా పక్కనే ఉండి శాయశక్తులా సాయం చేసేది. ఆవిడ పద్ధతి ఇది. నేను పిల్ల మీదికి బాగా వంగాలి. రెండు వేళ్ళతో మొనని సన్నగా నొక్కి పట్టుకోవాలి. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, పిల్ల తల కదలకుండా పట్టుకుని, గురి చూసి చెప్పేది.

“ఎడమకి. ఇంకాస్త కిందికి. ఆఁ, ఇప్పుడు పెట్టు.”

నేను చటుక్కున పెట్టేదాన్ని. ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మేనేజరు పొద్దస్తమానం అడుగుతూనే ఉండేది, మేమిద్దరం పొద్దస్తమానం గురి చూస్తూనే ఉండేవాళ్ళం.

మంగళవారం ఉదయం నర్సు వచ్చింది. పొట్టి మనిషి, తొందరేమీ లేని మనిషి. చేతులు కడుక్కుని, మంచం ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. “రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి, నేను చూస్తా,” అంది. మేం చేశాం. ఎడమకి, కిందికి, ఇప్పుడు. నేను పళ్ళు బిగబట్టాను, పిల్ల గుక్కపట్టింది.

నర్సు మమ్మల్ని కాసేపు అలాగే చూసి, “మీరిద్దరూ ఏం పని చేస్తుంటారు?” అని అడిగింది.

“కుట్టుపని,” అంది అత్తయ్య. “ముందు గదిలో చూశావు కదా.”

“అదీ సంగతి. సూదిలో దారం ఎక్కిస్తున్నారు పెద్దమ్మా మీరిద్దరూ.”

నేను నా వేళ్ళ వంక చూసుకున్నాను. నిజమే. మొనని దారం కొసలా నులిమి పట్టుకుని ఉన్నాను. ఇంకా నయం, ఉమ్మి తడి చేయలేదు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది, అత్తయ్యకి మాత్రం రాలేదు.

“నలభై ఏళ్ళుగా ఎక్కిస్తున్నాను, ఒక్కసారీ గురి తప్పలేదు,” అంది ఆవిడ.

“గురి తప్పలేదు కాబట్టే ఈ అమ్మాయికి పుండు పడింది. మొన ఒక్కటీ నోట్లోకి పోతే నొప్పే కానీ పాలు రావు. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోటినిండా పోవాలి. ముందు మీ చేతులు వెనక్కి పెట్టుకోండి. నువ్వు వంగకు తల్లీ, గోడకి ఆనుకుని కూర్చో. మిషన్ దగ్గర సూదిని గుడ్డ మీదికి లాగుతావా, గుడ్డని సూది దగ్గరికి తెస్తావా?”

“గుడ్డనే తెస్తాను.”

“మరి పిల్లని దగ్గరికి తీసుకురా. దాని పొట్ట నీ పొట్టకి తగలాలి. దాని ముక్కు నీ చనుమొనకి ఎదురుగా ఉంచు. ఇక ఆగు. అదే నోరు తెరుస్తుంది. కొంచెం తెరిస్తే కాదు, ఆవులించినంత తెరవాలి. అప్పుడు గడ్డం ముందు తగిలేలా గబుక్కున దగ్గరికి తీసుకో.”

ఆగడం మా వంశంలో లేదు. మొదటిసారి తొందరపడ్డాను. రెండోసారీ అంతే. అత్తయ్య మెడలో టేపుతో, వెనక్కి కట్టుకున్న చేతులతో, బడిలో నిలబెట్టిన పిల్లలా నిలబడింది. మూడోసారి మేనేజరు నోరంతా తెరిచింది. దగ్గరికి లాక్కున్నాను.

నొప్పి కోసం కాచుకుని కూర్చున్నాను. మొదట కాస్త చురుక్కుమంది, అంతే. పిల్ల గబగబా నాలుగుసార్లు లాగి ఆగింది. మళ్ళీ లాగింది, ఈసారి నెమ్మదిగా. దాని గొంతులో చిన్న చప్పుడు.

“అదేంటి?” అన్నాను భయంగా.

“గుటక,” అంది నర్సు.

ఎనిమిది రోజుల తర్వాత మొదటి గుటక విన్నాను. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు, ఈ మాట మా ఆయనకి చెప్పకూడదు.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని కాదు. బుధవారం మధ్యాహ్నం అలసిపోయి మళ్ళీ వంగాను, మళ్ళీ పుండు రేగింది. అత్తయ్య చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. “చేతులు!” అని కసిరాను. ఆవిడ గమ్మున వెనక్కి పెట్టుకుంది. అత్తగారిని కసిరినందుకు నాకే సిగ్గేసింది.

సాయంత్రం ఆవిడే అంది, “నీకు తప్పు నేర్పాను అమ్మాయ్. పిల్ల నా వల్లే చిక్కిపోయింది.”

“కుట్టు బాగానే నేర్పారుగా అత్తయ్యా. ఇది మనిద్దరికీ కొత్త పని. పైగా మిమ్మల్ని కసిరాను, ఏమనుకోకండి.”

“అనుకుంటాను. పిల్ల బరువు పెరిగాక తీరిగ్గా అనుకుంటాను,” అంటూ నా వీపు వెనక దిండు సర్దింది.

శుక్రవారం ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం, మేనేజరుతో నలుగురం. బట్టలు విప్పి త్రాసు మీద పడుకోబెడితే అది చేతులు చాపి ఉలిక్కిపడింది. డాక్టరమ్మ వంగి చూసింది. రెండు కిలోల ఎనిమిదొందల అరవై.

“ఇంకోసారి చూడమ్మా,” అంది అత్తయ్య. రెండోసారి కొలవనిదే ఆవిడ గుడ్డకి కత్తెర పెట్టదు. డాక్టరమ్మ నవ్వుతూ మళ్ళీ పడుకోబెట్టింది. ఎనిమిదొందల అరవైయే.

“నాలుగు రోజుల్లో నూట నలభై గ్రాములు. డబ్బా అక్కర్లేదు. ఇక చెంచా కూడా మానేయొచ్చు,” అంది డాక్టరమ్మ. మా ఆయన గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

వరండాలో బల్ల మీద కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాను. వెనక్కి ఆనుకున్నాను, ఆగాను, నోరు తెరిచింది. తాగుతూనే ఉంది. పిడికిళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. అన్నాళ్ళూ అది ఏడుస్తూనో, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లో రొమ్ము వదిలేది. ఆ రోజు ఎవరూ విడదీయకుండానే, పెదాల చివర పాలచుక్కతో, తనంతట తానే వదిలేసింది.

“చాలా?” అని అడిగాను.

చాలినట్టే ఉంది. నిద్రపోయింది.