కాళి వడ్డించిన వరుస

చట్టంలో రాసి ఉన్నదే చదవాలి, లేనిది ఊహించకూడదు. హైకోర్టు జడ్జిగా నాదెప్పుడూ ఇదే పద్ధతి. ఏడేళ్లుగా మనిషి జాడ అయినవాళ్లకు తెలియకపోతే, బతికున్నట్టు రుజువు లేకపోతే, చట్టం దృష్టిలో అతను చనిపోయినట్టే. తండా మనిషి మాన్‌సింగ్ కేసులో అదే తీర్పు రాశాను. భార్య కాళి ఇంకా ఎదురుచూస్తోందన్నాడు ఆమె వకీలు. ఎదురుచూపు ఏ సెక్షన్‌లో ఉందో చూపించమన్నాను. ఈరోజుకీ ఆ తీర్పులో ఒక్క అక్షరం మార్చను.

సకల జనుల సమ్మె అప్పుడు నర్మెట్ట దగ్గర నా కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. మిట్టమధ్యాహ్నం, జనం వరుసగా విస్తర్ల ముందు కూర్చున్నారు. నన్నెవరూ పట్టించుకోలేదు. వరుస చివర ఒకడు మాత్రం చెయ్యూపాడు.

"రాండ్రి సార్, జర నా పక్కన కూసోండ్రి. నేను మాన్‌సింగ్‌ను. మీ తీర్పు అయిన నెలకే ఇంటికచ్చిన. ఎవ్వలకూ కనవడలే."

అతని పక్క విస్తరి ముందు కూర్చున్నాను గానీ, నాకు ఒళ్లు మండింది. "నువ్వు బతికే ఉన్నావనడానికి రుజువేంటి?"

అతను అన్నం వడ్డిస్తూ వస్తున్న ఆడమనిషిని చూపించి, "గామెనే నా కాళి" అన్నాడు.

ఆమె అందరికీ పెట్టింది. మాన్‌సింగ్ విస్తరి దాటేసింది. నాదీ దాటేసింది.

"అమ్మా, ఇక్కడ!" అని అరిచాను. ఒక్క తలా తిరగలేదు.

మాన్‌సింగ్ జాలిగా చూశాడు.

"మీకాడ రుజువేమన్న ఉన్నదా సార్?"