ఒక్కడి సమావేశం

మోచేతుల దాకా పిండిలో ఉండగానే రొట్టెలాయన ఆ నెల సమావేశం కానిచ్చేశాడు. సర్కారు రూలు ప్రకారం యజమాని కార్మికులతో నెలకోసారి కూర్చోవాలట. అనుకున్నవి రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి ఆఫీసులో ఇవ్వాలట. ఆ కొట్టుకు యజమాని ఆయనే. కార్మికుడూ ఆయనే. మంటలంటుకుంటే ఆర్పే అధికారి కూడా ఆయనే. వెయ్యిమంది పనిచేసే ఫ్యాక్టరీకి కుట్టిన చొక్కాను తెచ్చి ఒంటి పొయ్యివాడికి తొడిగితే ఇంతే మరి.

"ఇంతకీ పనివాడేమంటాడు?" గుమ్మంలోంచి భార్య అడిగింది.

"ఒళ్లు నొప్పులట. సెలవు కావాలట."

"యజమానో?"

"వాడసలే రాక్షసుడు. ఇవ్వనన్నాడు."

ఆమె నవ్వబోయి, ఆయన ఎడమ భుజం నొక్కుకోవడం చూసి ఆగిపోయింది. "ఇవాళ వెళ్లకపోతే ఏమవుద్దయ్యా?"

"రేపు పొయ్యికి సీలేస్తారే."

అదీ ఆయన భయం. తండ్రి కట్టిన ఆ ఇటుక పొయ్యి నలభయ్యేళ్లుగా చల్లారలేదు. ఒక్కసారి చల్లారిందా, లోపలి కప్పు నెర్రెలిచ్చి కూలుతుంది. మళ్లీ కట్టుకునే ఓపిక ఆయనకు లేదు.

పిండి మీద తడిగుడ్డ కప్పి పదింటికల్లా ఆఫీసు వరసలో నిలబడ్డాడు. పిండికి ఆఫీసు వేళలు తెలియవు. రెండు గంటల్లో పొంగుతుంది, ఆపైన పులిసిపోతుంది. ఈ ఏడాది ఇలా ఎన్ని వాయలు పారబోశాడో! అది రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఒంటిగంటకు కిటికీ దగ్గరికి చేరాడు. గుమాస్తా కాగితాలు తిరగేశాడు.

"శుభవార్త పెద్దాయనా. ఒక్కరే చేసుకునే కొట్లకు ఇవన్నీ ఎత్తేశారు. వచ్చే నెల నుంచి."

"చల్లని మాట చెప్పావు బాబూ. వస్తాను మరి."

"ఎక్కడికి? ఈ నెలది ఇవ్వాలిగా. ఇదిగో, యజమాని సంతకం, కార్మికుడి సంతకం ఒకేలా ఉన్నాయి. చెల్లదు."

"ఇద్దరూ నేనే కదయ్యా!"

"నాకు తెలుసు. కాగితానికి తెలియదు. ఇంకో ఫారం తీసుకుని వేరేగా పెట్టండి."

"వచ్చే నెలకు దండగైంది ఈ నెలకెందుకు?"

"ఈ నెల ఇంకా అయిపోలేదుగా!"

వెనకనుంచి ఎవరో "జరగండి, జరగండి" అన్నారు. ఆయన గోడవారగా బల్ల మీద కూర్చుని కుడిచేత్తో యజమాని సంతకం పెట్టాడు. పనివాడి సంతకానికి పెన్ను ఎడమచేతిలోకి మార్చాడు. ఆ చెయ్యి లేవలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, గోడకు తల ఆనించాడు. ముసలాయన కునుకు తీస్తున్నాడని వరసలోవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. కిటికీ మూసే వేళకు గుమాస్తా వచ్చి భుజం తట్టి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు సీలు వేయడానికి ఎవరూ రాలేదు. మూడో రోజుకు పొయ్యి తనంతట తనే చల్లారింది.

దినాలయ్యాక భార్య ఆఫీసుకు వెళ్లి కళ్లజోడు అడిగింది. సొంతదారు సంతకం కావాలన్నారు. కళ్లజోడు గుమాస్తా సొరుగులోనే ఉండిపోయింది: దారంతో చుట్టి బిగించిన కాడ, అద్దం అంచున ఆరిన పిండి గీత.